పడవకు తగిన బలం - ఓలె ఎవిన్‌రూడ్ జీవితం

నేలపై స్థిరపడిన మానవుడు ఎంతో కాలం గడవకుండానే నీటిని దాటే ఉపాయం వెదికాడు. మొద్దును తొలిచి దోనె చేశాడు. వెదురు అల్లి, తోలు కప్పి పుట్టి చేశాడు. గెడ వేశాడు, తెడ్డు వేశాడు, తెరచాప ఎత్తాడు. అయినా వేల సంవత్సరాల పాటు చిన్న పడవకు బలమంటే మనిషి భుజబలమే, కాకుంటే గాలి దయ. ఆవిరియంత్రం వచ్చి మహానౌకలను సముద్రాలు దాటించింది కాని, చెరువులో వల వేసుకునే బెస్తవాని పడవను మాత్రం అది ముట్టలేదు. ఆ యంత్రం బరువుకే చిన్న పడవ మునిగిపోతుంది. భుజాన మోసుకుపోదగిన ఒక యంత్రాన్ని పడవ వెనుక పలకకు తగిలించి, పని ముగియగానే విప్పి ఇంటికి తెచ్చుకునే సౌకర్యాన్ని సామాన్యుని చేతికి అందించినవాడు ఓలె ఎవిన్‌రూడ్. ఆయన పేరు నూరేళ్ళకు పైగా ప్రపంచపు నదులలో, సరస్సులలో, సముద్రతీరాలలో పడవల వెనుక మోటారులపై కనిపించింది.

సముద్రానికి ఇంత దూరాన ఉన్న మనకు ఈ మనిషి కథతో పనేమిటని పాఠకులు అడుగవచ్చు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలు సముద్రానికి దూరమే కాని నీటికి దూరం కావు. గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ త్రవ్వించిన బయ్యారం చెరువు మహబూబాబాదు జిల్లాలో ఉన్నది. ఘనపురం కోటగుళ్ళ చెంత గణపసముద్రం భూపాలపల్లి జిల్లాలో ఉన్నది. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. దేవాదుల ఎత్తిపోతల వలన అదే గోదావరి జలం జనగామ ప్రాంతపు జలాశయాలకు చేరింది. నీరున్నచోట పడవ ఉంటుంది. పడవ ఉన్నచోట ఈనాడు మోటారు మాట కూడా వస్తుంది. అప్పుడు ఒక ప్రశ్న ఎదురవుతుంది: ఈ పడవకు ఎన్ని అశ్వశక్తుల మోటారు కావాలి? చాలామంది దృష్టిలో ఎక్కువ బలమున్నదే మంచి మోటారు. డబ్బు తక్కువైనవారి దృష్టిలో ఏది చౌకగా దొరికితే అదే మంచి మోటారు. ఈ రెండు అభిప్రాయాలూ ప్రాణాలమీదికి తెచ్చేవే. ఎవిన్‌రూడ్ జీవితాన్ని పరిశీలించినవారికి వీటికి సమాధానం దొరుకుతుంది. ఎందుకంటే ఆయన జీవితమంతా బరువునూ బలాన్నీ త్రాసులో పెట్టి తూచడంతోనే గడిచింది.

బాల్యము

ఓలె 1877 ఏప్రిల్ 19న నార్వే దేశంలో, యోవిక్ పట్టణ సమీపంలో జన్మించాడు. ఆ రోజులలో నార్వేలో సేద్యభూమి తక్కువ, బ్రతుకు కష్టం. వేలాది కుటుంబాలు ఓడలెక్కి అమెరికా చేరుతున్న కాలమది. 1882లో, ఓలెకు ఐదేళ్ళ వయసులో, ఆ కుటుంబం కూడా బయలుదేరింది. ఆ సముద్రప్రయాణంలో పసివాడు తల్లి కన్నుగప్పి మాటిమాటికీ ఓడ యంత్రాల గదికి చేరేవాడనీ, వానిని అక్కడినుండి లాక్కురావడం ఆమెకు పెద్ద పనిగా ఉండేదనీ ఆయన జీవితకథ చెప్పినవారు అంటారు. ఆ కుటుంబం విస్కాన్సిన్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జి అనే చిన్న ఊరి దగ్గర, రిప్లీ సరస్సు సమీపంలో వ్యవసాయానికి దిగింది.

ఓలె చదువు ప్రాథమిక దశలోనే ఆగిపోయింది. తండ్రికి పొలంలో చేయి సాయం అవసరమైంది. కాని కుర్రవాని మనసు నాగలి మీద కంటే నాగలిని పోతపోసిన కొలిమి మీద ఉండేది. విరిగిన పనిముట్లను బాగుచేయడం, పనికిరాని ఇనుపముక్కలతో ఏదో ఒకటి కూర్చడం ఆయన వినోదం. పదిహేను, పదహారేళ్ళ వయసులో రహస్యంగా ఒక తెరచాప పడవ కట్టసాగాడనీ, పనికిమాలిన పనియని తండ్రి ఆ కొయ్యను పొయ్యి పాలు చేశాడనీ, కొడుకు మాత్రం పట్టు విడువక మరల మొదటినుండి కట్టి దానిని సరస్సుపై నడిపి చూపాడనీ ఒక కథ ప్రచారంలో ఉన్నది. తుదకు తండ్రి కూడా కొడుకు మార్గానికి అడ్డు తొలగాడు.

పదహారేళ్ళ ప్రాయంలో ఓలె మాడిసన్ నగరానికి చేరి, వ్యవసాయ యంత్రాలు తయారుచేసే కర్మాగారంలో పని నేర్చుకునేవానిగా చేరాడు. పగలు పని, రాత్రి చదువు. గణితము, యంత్రశాస్త్రము పుస్తకాలలో స్వయంగా నేర్చుకున్నాడు. తరువాత పిట్స్‌బర్గ్, చికాగో నగరాలలో ఉక్కు పరిశ్రమలలో పనిచేసి, చివరకు మిల్వాకీ నగరం చేరాడు. అక్కడ ఆయన నేర్పు సాధించిన విద్య కొయ్య నమూనాలు చెక్కడం. ఇనుపభాగాన్ని పోతపోయడానికి ముందు, అదే ఆకారంలో కొయ్యతో ఒక నమూనా చేసి ఇసుకలో అచ్చు తీస్తారు. నమూనా ఒక్క వెంట్రుక మందం తప్పినా పోత తప్పుతుంది. ఇంకా పుట్టని వస్తువును కంటితో చూచి, చేతితో తూచి, కొయ్యలో రూపుకట్టించే ఈ పనియే ఆయనకు నిజమైన విశ్వవిద్యాలయం.

ఓటములు, ఒక సహచరి

1900 నాటికి పెట్రోలు యంత్రాలు కొత్తగా వస్తున్నాయి. గుర్రం లేని బండికి తేలికైన యంత్రం చేయాలని ఓలె తలపెట్టాడు. భాగస్వాములతో కలిసి వ్యాపారాలు ప్రారంభించాడు. అవి నిలువలేదు. యంత్రం మాట వస్తే ఆయనకు సాటిలేదు కాని, లెక్కలు, ఉత్తరాలు, బాకీల వసూళ్ళు ఆయనకు చేతకాని పనులు. స్వభావతః మితభాషి. తన సరుకును తానే పొగడి అమ్ముకునే నేర్పు ఆయనకు లేదు.

ఆ లోటును తీర్చినది బెస్ కేరీ. ఆ పరిసరాలలోనే నివసించే ఆ యువతి వాణిజ్యవిద్య అభ్యసిస్తూ, ఓలె కార్యాలయపు ఉత్తరప్రత్యుత్తరాలు చూడసాగింది. 1906లో వారి వివాహం జరిగింది. మరుసటి సంవత్సరం కుమారుడు రాల్ఫ్ జన్మించాడు.

వారి వివాహానికి ముందు, 1906 వేసవిలో జరిగినదిగా చెప్పే ఒక సంఘటన ఎవిన్‌రూడ్ పేరుతో విడదీయరానిదై పోయింది. మిత్రులతో కలిసి వారు ఒక సరస్సులోని దీవికి వనభోజనానికి వెళ్ళారు. ఎండ తీవ్రంగా ఉన్నది. ఐస్‌క్రీము ఉంటే బాగుండునని బెస్ అన్నది. ఓలె తెడ్లు వేసుకుంటూ ఆవలి గట్టుకు వెళ్ళి, కొని, మరల తెడ్లు వేసుకుంటూ వచ్చేసరికి అది కరిగి నీరైపోయింది. భుజాల నొప్పి, చేతిలో కరిగిన తీపి నీరు - ఈ రెండే ఆయనకు మిగిలాయి. తెడ్డుకు బదులు యంత్రం ఎందుకు ఉండరాదన్న ఆలోచన అప్పుడే స్థిరపడిందని అంటారు. కథలో పెంపుడు మాటలు కొన్ని చేరి ఉండవచ్చు. కాని ఎదురుగాలిలో తెడ్డు వేసిన ప్రతివాడూ దీనిని నమ్ముతాడు.

ఒకటిన్నర అశ్వశక్తి

ఇక్కడ ఒక సత్యం చెప్పాలి. పడవకు తగిలించే మోటారును మొట్టమొదట ఆలోచించినవాడు ఎవిన్‌రూడ్ కాదు. 1881లోనే ఫ్రాన్సు దేశీయుడు గుస్తావ్ త్రూవే, పారిస్‌లోని సేన్ నదిపై విద్యుత్తుతో నడిచే అట్టి మోటారును ప్రదర్శించాడు. అమెరికాలో కామెరాన్ వాటర్‌మన్ అనే ఆయన ఎవిన్‌రూడ్ కంటే ముందే పెట్రోలు మోటారులు అమ్మకానికి పెట్టాడు. అయితే ఒక వస్తువును కనుగొనడం వేరు, దానిని నమ్మదగినదిగా చేసి నలుగురి ఇళ్ళకు చేర్చడం వేరు. ఈ రెండవ పనిలో ఎవిన్‌రూడ్ తొలి ఘనవిజయం సాధించాడు.

1907లో మొదటి నమూనా సిద్ధమైంది. దానిని చూచి బెస్ నవ్వి, కాఫీగింజలు విసిరే మరతో పోల్చిందట. మిల్వాకీలోని కిన్నికిన్నిక్ నదిపై పరీక్షలు జరిగాయి. 1909లో మెరుగుపరచిన మోటారు విపణిలోకి వచ్చింది. అది ఒకే సిలిండరు గల యంత్రం. సిలిండరు అడ్డంగా, దాని ఇరుసు నిలువుగా నీటిలోకి దిగి, అడుగున పండ్లచక్రాల ద్వారా ప్రొపెల్లరును త్రిప్పుతుంది. పైనున్న బరువు చక్రానికి ఒక పిడి. దానిని పట్టి త్రిప్పితే యంత్రం అందుకుంటుంది. అమరిక ఎంత సహజంగా కుదిరిందంటే, తరువాతి తరాల మోటారులు ఎన్ని మార్పులు చెందినా నిలువు ఇరుసు, అడుగున పండ్లచక్రాలు అట్లే నిలిచాయి. బరువు 62 పౌనులు, అనగా సుమారు 28 కిలోలు. ధర 62 డాలర్లు. బలం కేవలం ఒకటిన్నర అశ్వశక్తి.

ఈనాటి ద్విచక్రవాహనాల బలంతో పోలిస్తే ఇది హాస్యాస్పదంగా కనిపిస్తుంది. కాని ఎవిన్‌రూడ్ ఈ అంకెను అలవోకగా ఎన్నుకోలేదు. దీని వెనుక ఉన్న నీటిధర్మాన్ని విద్యార్థులు గ్రహించాలి. నీటిని చీల్చుకుంటూ పోయే పడవ తన ముందు ఒక అలను, వెనుక ఒక అలను పుట్టిస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ రెండు అలల మధ్య దూరం పెరిగి, పడవ పొడవంత అవుతుంది. అక్కడికి వచ్చేసరికి పడవ తానే త్రవ్వుకున్న గోతిలో తాను కూర్చున్నట్లవుతుంది. నాలుగున్నర మీటర్ల పొడవు గల పడవకు ఈ హద్దు గంటకు 9, 10 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. ఆ హద్దు లోపల నడవడానికి స్వల్పబలం చాలు. హద్దు దాటవలెనంటే బలాన్ని రెండింతలు, మూడింతలు చేసినా వేగం పెరిగేది అత్యల్పం. పెరిగేది పెట్రోలు ఖర్చు, వెనుక అల, పడవ వెనుక భాగం కుంగుదల. తెడ్ల పడవకు ఒకటిన్నర అశ్వశక్తి ఇచ్చి, మనిషి వేగంగా నడిచే వేగం కంటె కొంచెం ఎక్కువగా పడవను నడిపించిన ఎవిన్‌రూడ్, ఆ పడవ హద్దును గౌరవించాడు. పడవను బట్టి మోటారును కొలిచాడు కాని, మోటారును చూపి పడవను బలిచేయలేదు.

ఒక మిత్రుడు ఈ మోటారును అరువు తీసుకొని సరస్సుకు వెళ్ళి, తిరిగివచ్చేటప్పుడు పది మోటారులకు ఆర్డర్లు, సొమ్ముతో సహా తెచ్చాడని చెబుతారు. మొదటి ఇరవైఐదు మోటారులు చేతిపనితోనే తయారయ్యాయి. ఆపైన బెస్ కలం పట్టింది. తెడ్లు వేయకండి, వాటిని అవతల పారవేయండనే అర్థం వచ్చే ఆమె ప్రకటనలు పత్రికలలో వచ్చాయి. ఉత్తరాలు వెల్లువగా రాసాగాయి. న్యూయార్కులోని ఒక ఎగుమతి సంస్థ ద్వారా ఈ మోటారులు ఐరోపా దేశాలకు, ముఖ్యంగా ఎవిన్‌రూడ్ పుట్టిన స్కాండినేవియా ప్రాంతపు జాలరులకు చేరాయి. పొట్టకూటికై నార్వే విడిచిన కుటుంబపు బిడ్డ చేసిన యంత్రం నార్వే జాలరుల భుజాల బరువు తగ్గించింది. విహారయాత్రికుల వేడుకగా మొదలైన వస్తువు కష్టజీవుల పనిముట్టయింది. ఆయనకు ఇంతకంటె మించిన సత్కారం ఏముంటుంది?

విడిచిపెట్టిన సంస్థ

1911లో క్రిస్ మేయర్ అనే ధనికుడు భాగస్వామిగా చేరాడు. కర్మాగారం విస్తరించింది. కాని పగలు రాత్రి శ్రమించిన బెస్ ఆరోగ్యం చెడిపోయింది. ఓలె నిర్ణయానికి జంకలేదు. 1914 నాటికి తన వాటాను మేయర్‌కు విక్రయించి, ఐదేళ్ళ వరకు అట్టి మోటారుల వ్యాపారంలో పోటీకి రానని ఒప్పుకొని, భార్యాబిడ్డలతో దేశసంచారానికి బయలుదేరాడు. ఎదుగుతున్న పరిశ్రమను, తన పేరే ధరించిన సంస్థను, భార్య ఆరోగ్యం కొరకు విడిచిపెట్టడం సులభమైన పని కాదు. బలం ఎక్కడ పెట్టాలో, ఎక్కడ తీసివేయాలో తెలిసిన మనిషికే అది సాధ్యం.

సంచారంలో కూడా ఆయన చేయి ఊరకుండలేదు. బెస్ కోలుకున్న తరువాత, ఒప్పందపు గడువు తీరిన తరువాత, ఆయన కొత్త మోటారును రూపొందించాడు. ఈసారి ఇనుముకు, కంచుకు బదులు వీలైనంతవరకు అల్యూమినియం వాడాడు. రెండు సిలిండర్లు, మూడు అశ్వశక్తులు, బరువు సుమారు 48 పౌనులు, అనగా 22 కిలోలు. పాత మోటారుకు రెట్టింపు బలం, నాలుగింట మూడు వంతుల బరువు. పొగను ప్రొపెల్లరు మధ్యగా నీటి అడుగుకే పంపించి చప్పుడు తగ్గించాడు. స్నేహధర్మంగా దానిని మొదట మేయర్‌కే చూపించాడు. మేయర్ వద్దన్నాడు. అప్పుడు 1921లో ఓలె, బెస్ దంపతులు ఎల్టో అనే కొత్త సంస్థను స్థాపించారు. తన పేరుగల సంస్థకే తాను పోటీదారు కావలసివచ్చిన విచిత్రం ఆయనకు తటస్థించింది.

ఈ రెండవ ఆవిష్కరణ మొదటిదానికంటె గొప్పదని నా అభిప్రాయం. చిన్న పడవకు మోటారు బలం ఎంత ముఖ్యమో, బరువు అంతకంటె ముఖ్యం. మోటారు పడవ నడుమ ఉండదు, వెనుక పలకకు వ్రేలాడుతుంది. నడిపేవాడు కూడా అక్కడే కూర్చుంటాడు. ఇంధనపు డబ్బా అక్కడే. ఈ మూడూ కలిసి వెనుక భాగాన్ని క్రుంగదీస్తే, ముందు భాగం గాలిలోకి లేస్తుంది. వేగం తగ్గించిన క్షణాన వెనుకనుండి వచ్చే అల పలకను దాటి లోపలికి దూకుతుంది. కనుక ఎక్కువ బలం పేరిట ఎక్కువ బరువు కొనుక్కోవడం ప్రమాదాన్ని కొనుక్కోవడమే. బలాన్ని పెంచుతూ బరువును తగ్గించిన ఎవిన్‌రూడ్ పడవవాని ప్రాణానికి విలువనిచ్చాడు.

వేగపు పందెం

అయితే కాలం ఎవరి మాటా వినదు. జాన్సన్ సోదరులు 35 పౌనుల బరువుగల మోటారుతో రంగంలోకి వచ్చారు. 1926లో వారు ఆరు అశ్వశక్తుల మోటారును తెచ్చారు. దానితో తేలికపాటి పడవ నీటిని చీల్చుకొని పోవడం మాని, నీటి ఉపరితలంపై జారుతూ పోసాగింది. ఇంతకు ముందు చెప్పిన అలల గోతిని దాటి పైకి ఎక్కిన పడవకు వేరే ధర్మం. అప్పుడు బలం పెరిగేకొద్దీ వేగం పెరుగుతుంది. జనం వేగానికి మరిగారు. ఎవిన్‌రూడ్ కూడా వెనుకబడక, 1928లో నాలుగు సిలిండర్లతో 18 అశ్వశక్తుల మోటారు తెచ్చాడు. ఒకటిన్నర నుండి పద్దెనిమిదికి - పందొమ్మిదేళ్ళలో పన్నెండు రెట్లు.

ఈ పందెం వలన పరిశ్రమ పెరిగింది, ప్రమాదమూ పెరిగింది. జారుతూ పోవడానికి తగిన అడుగు లేని పడవకు పెద్ద మోటారు తగిలిస్తే, మలుపులో బోర్లపడుతుంది, లేదా వెనుక పలక చీలుతుంది. అందువల్లనే తరువాతి కాలంలో అమెరికా 1971లో పడవల భద్రతకు చట్టం చేసి, 20 అడుగుల లోపు పడవలకు మోటారు బలంపై పరిమితి విధించింది. ఆ లెక్క మన విద్యార్థులు కూడా చేయదగినంత సులభం. పడవ పొడవును, వెనుక పలక వెడల్పును అడుగులలో కొలిచి హెచ్చించాలి. వచ్చిన సంఖ్య 35 లోపు అయితే 3 అశ్వశక్తులు, 36 నుండి 39 వరకు 5, 40 నుండి 42 వరకు ఏడున్నర, 43 నుండి 45 వరకు 10 అశ్వశక్తులు మించరాదు. అడుగు చదునుగా ఉండి పక్కలు కోణంగా మడిచిన పడవకు ఇంకొక మెట్టు తగ్గించాలి. ఉదాహరణకు 12 అడుగుల పొడవు, 3 అడుగుల వెనుక పలక గల చదునైన పడవకు సంఖ్య 36. అయిదు అశ్వశక్తులు రావలసినది, చదునైన అడుగు వలన మూడుకు దిగుతుంది. ఇది కనీసం కాదు, గరిష్ఠం అని గుర్తుంచుకోవాలి.

మన నీళ్ళకు ఈ లెక్క

గరిష్ఠం ఒక అంచు. కనీసం రెండవ అంచు. ఎవిన్‌రూడ్ మోటారు పుట్టినది అలలు లేని సరస్సు కొరకు. మన బయ్యారం చెరువులోనో, గణపసముద్రంలోనో నడిచే చిన్న పడవకు ఆయన లెక్క ఈనాటికీ సరిపోతుంది. పడవ, మనుషులు, వలలు, చేపలు అన్నీ కలిపిన బరువుకు, టన్నుకు నాలుగైదు అశ్వశక్తుల చొప్పున నిలువ నీటిలో చాలునని అనుభవజ్ఞుల మాట. పడవ 250 కిలోలు, నలుగురు మనుషులు 270 కిలోలు, సామాను 150 కిలోలు అనుకుంటే మొత్తం 670 కిలోలు. దీనికి మూడు అశ్వశక్తుల మోటారు సరిపోతుంది. అయితే చెరువులో తామరతూళ్ళు, గుర్రపుడెక్క ప్రొపెల్లరుకు చుట్టుకుంటాయి. అక్కడ కావలసినది ఎక్కువ బలం కాదు, మోటారును ఆపి, పైకి ఎత్తి, నాచు తీసివేసే ఓర్పు.

గోదావరి మాట వేరు. కాళేశ్వరం దగ్గర వంతెన రాకముందు ఆవలి గట్టునున్న సిరోంచకు జనం పడవల మీదనే దాటేవారు. ఆ సరంగులకు నీటిధర్మం ఎవరూ నేర్పనక్కరలేదు. నిలువ నీటిలో గంటకు 8 కిలోమీటర్లు నడిచే పడవను, గంటకు 6 కిలోమీటర్ల వేగంతో వచ్చే ప్రవాహానికి ఎదురు నడిపితే, గట్టును బట్టి చూచినప్పుడు అది నడిచేది 2 కిలోమీటర్లే. ఏడున్నర నిమిషాల దూరానికి అర్ధగంట పడుతుంది. ఇంధనం నాలుగింతలు ఖర్చవుతుంది. ప్రవాహం ఇంకొక రెండు కిలోమీటర్లు పెరిగిందా, యంత్రం పూర్తి బలంతో మొరుగుతూనే ఉంటుంది, పడవ ఉన్నచోటనే ఉంటుంది. ఆపైన వెనుకకు పోతుంది. నదిలో మిగులు బలం విలాసం కాదు, ఒడ్డు చేరే హామీ. కనుక అదే చిన్న పడవకు నదిలో రెండింతలో, మూడింతలో బలం కావాలి. ఆ బలాన్ని మోయగల పడవ కాకపోతే ఆ పడవ నదిలోకి దిగరాదు. ఇక వరద రోజున ఏ చిన్న పడవకూ ఏ మోటారూ చాలదు.

2019 సెప్టెంబరు 15న, వరదతో ఉన్న గోదావరిలో, దేవీపట్నం ఎగువన కచ్చులూరు దగ్గర విహారపడవ మునిగి నలభైకి పైగా ప్రాణాలు పోయాయి. ఆ పడవలో మన వరంగల్లు పక్కనున్న కడిపికొండవారూ ఉన్నారు. ఆ వార్త విన్న ఇండ్లలో నెలల తరబడి ఆ దుఃఖం చల్లారలేదు. నదిని తక్కువగా అంచనా వేయరాదన్న పాఠం మనకు పుస్తకాలలోనుండి రాలేదు. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో దేశంలో కొత్త అంతర్దేశీయ నౌకల చట్టం వచ్చింది. చట్టం గట్టున నిలిచి హెచ్చరించగలదు. పడవలో ఎంతమందిని ఎక్కించాలో, ఏ రోజున లంగరు ఎత్తకూడదో నిర్ణయించవలసినది మాత్రం మనిషి వివేకమే.

చివరి రోజులు

1929లో ఎల్టో, పాత ఎవిన్‌రూడ్ సంస్థ, లాక్‌వుడ్ సంస్థ మూడూ ఏకమయ్యాయి. కొత్త సంస్థకు ఓలె అధ్యక్షుడయ్యాడు. విడిచివచ్చిన తన పేరు మరల తన చేతికి వచ్చింది. కాని అదే సంవత్సరం అమెరికాలో ఆర్థిక విపత్తు సంభవించింది. అన్నానికే కరవైన కాలంలో మోటారులు కొనేవారెవరు? ఆ కష్టకాలంలో ఆయన తన జీతం కూడా తీసుకోకుండా సంస్థను నిలబెట్టాడని చెబుతారు. 1933లో బెస్ మరణించింది. ఆమె లేని లోటును ఆయన ఎక్కువ కాలం భరించలేదు. 1934 జూలై 12న, 57వ యేట ఓలె ఎవిన్‌రూడ్ కన్నుమూశాడు. కుమారుడు రాల్ఫ్ బాధ్యతలు స్వీకరించాడు. ఒకనాటి పోటీదారులైన జాన్సన్ సంస్థ కూడా కొద్దికాలానికే ఆ ఇంటిలోనే చేరింది. 2000 సంవత్సరాంతంలో ఆ పెద్ద సంస్థ దివాలా తీసి చేతులు మారింది. 2020లో ఎవిన్‌రూడ్ పేరుతో మోటారుల తయారీ ఆగిపోయింది. పేరు ఆగినా పని ఆగలేదు. ఈనాడు మన కోస్తా తీరంలో ఫైబరు తెప్పల వెనుక మ్రోగే ప్రతి మోటారూ ఆయన వేసిన బాటలోనే నడుస్తున్నది.

ఈ జీవితం నుండి మనం గ్రహించవలసినది ఏమిటి? కళాశాల చదువు లేనివాడు గొప్పవాడైనాడని చెప్పి, చదువును చిన్నచూపు చూడడం నా ఉద్దేశ్యం కాదు. పగలంతా కొలిమి దగ్గర నిలిచి, రాత్రి దీపం ముందు గణితం నేర్చుకున్నవాడు చదువు విలువ మనకంటె ఎక్కువగా ఎరిగినవాడే. నేను చెప్పదలచినది వేరు. ఉర్దూలో మీజాన్ అనే మాట ఉన్నది. త్రాసు అని దాని అర్థం. భారానికీ బలానికీ మధ్య ఆ ముల్లు నిలువుగా నిలవాలి. తక్కువైతే ప్రవాహం లాక్కుపోతుంది. ఎక్కువైతే పడవ తనను తానే ముంచుకుంటుంది. ఎవిన్‌రూడ్ తన మొదటి మోటారుకు ఒకటిన్నర అశ్వశక్తి చాలునన్నప్పుడూ, రెండవ మోటారు బరువు తగ్గించినప్పుడూ, భార్య కొరకు సంస్థను వదులుకొన్నప్పుడూ ఆ త్రాసునే చేతబట్టాడు.

మన విద్యార్థులలో బెస్త కుటుంబాల బిడ్డలు ఉన్నారు, గోదావరి ఒడ్డు పల్లెలనుండి వచ్చినవారు ఉన్నారు. రేపు వారి ఇంటిలో పడవకు మోటారు కొనే మాట రావచ్చు. అప్పుడు దుకాణదారుడు పెద్ద అంకెను చూపి ఆశపెట్టినా, చౌక ధర చూపి తొందరపెట్టినా, ఒక్క క్షణం ఆగి పడవ పొడవు కొలవండి, వెనుక పలక కొలవండి, ఎక్కే మనుషుల బరువు కూడండి, నడిచే నీటి వేగం అడగండి. ఆ నాలుగు అంకెలు కాగితంపై వేసిన తరువాతనే డబ్బు తీయండి. ఇంటిలో ఆ లెక్క వేయగలిగిన చదువు మీకు ఉన్నది. మీ తండ్రి, అన్న క్షేమంగా ఒడ్డు చేరడానికి అది అక్కరకు రావాలి.